వచ్చిందా, వచ్చారా?

ఉద్యోగం చేసినన్నాళ్ళూ పాఠకులు నన్ను అడిగిన ప్రశ్నల్లో మొదటి పీట దీనిది: "వాళ్ళాయనకి నిజంగా తెలీదాండీ?"

తెనాలిలో ఒక చిన్న ప్రచురణ సంస్థలో ఎడిటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మేము వేసిన వాటిలో బాగా ఆడినవి ఒక ఆడ గూఢచారి నవలలు. గూఢచారి పేరు సుభద్ర. వయసు నలభై రెండు. మొగుడున్నాడు, అత్తగారుంది. ఇంట్లోవాళ్ళ దృష్టిలో ఆవిడ ఏదో ఆఫీసులో ఫైళ్ళు చూసుకునే గుమాస్తా. అసలు పని గూఢచర్యం. శత్రువుల స్థావరాల్లో దూరుతుంది, రహస్యాలు తెస్తుంది, అవసరమైతే సముద్రంలో దూకుతుంది. వీటి మీద ఎవరూ ఒక్క అనుమానం కూడా వెలిబుచ్చలేదు. నలభై రెండేళ్ళ మనిషి కదిలే రైలు కప్పు మీద పరిగెత్తిందంటే నమ్మారు. మొగుడికి తెలియలేదంటే మాత్రం నమ్మలేదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కథనం, శిల్పం, మార్కెటింగ్ అంటూ చాలా నేర్చుకుని వస్తున్నారు. మంచిదే. అవేవీ పనిచేయని రోజొకటి వస్తుంది. ఆ రోజు కోసం రాస్తున్నాను.

స్టీలు సామాన్ల కొట్టు

మా నాన్నది మెయిన్ బజార్లో స్టీలు సామాన్ల కొట్టు. పక్కన బాబాయిది కిరాణా, ఎదురుగా మేనమామది గాజుల కొట్టు. మా ఇళ్ళల్లో పిల్లలకి మాటల కంటే ముందు బేరం వస్తుంది. నాకు చదువు అబ్బడంతో మావాళ్ళు కొన్నాళ్ళు దిగులుపడ్డారు కూడా. పుస్తకాలు దిద్దే ఉద్యోగం వచ్చిందని చెబితే, "దిద్దితే బరువేమైనా పెరుగుతుందా?" అని అడిగాడు నాన్న. తూకం మనిషి కదా.

కొట్లో నేను నేర్చుకున్నవి రెండు. ఒకటి, కొనడానికి వచ్చినవాళ్ళు చెప్పే వంక అసలు వంక కాదు. "రేటు ఎక్కువండీ" అన్నదంటే మూత వదులుగా ఉందని. "రేకు పల్చనండీ" అన్నదంటే తోడికోడలు కూడా ఇలాంటిదే కొందని. రెండోది, సామాన్ను పొగడకూడదు, చేతికివ్వాలి. ఒకసారి చేతిలోకి తీసుకున్న గిన్నెని మనిషి అంత తేలిగ్గా కింద పెట్టదు.

ఎడిటర్ ఉద్యోగంలో నాకు ఇంతకు మించిన విద్య అవసరం పడలేదు. రచయిత మొదటి మాట చెబుతాడు, ఓనరు చివరి మాట చెబుతాడు. మధ్యలో గిన్నె పట్టుకుని నిలబడేది మనం.

మిగిలింది తుపాకీ

సుభద్రని రాసింది షాహిన్. రేపల్లెలో జూనియర్ కాలేజీ లెక్చరర్, చెప్పేది సివిక్స్. ఒకరోజు రేపల్లె బండి దిగి, రాతప్రతిని ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని మా ఆఫీసుకి వచ్చింది. పక్కనే వంకాయలు కూడా ఉన్నాయి. ఏది నా బల్ల మీద పెడుతుందో అని చూశాను. రాతప్రతే పెట్టింది.

నాకు అందులో తుపాకులకన్నా ఇల్లు నచ్చింది. సుభద్ర బయల్దేరే ముందు అత్తగారికి చెప్పే అబద్ధం, దాన్ని అత్తగారు నమలకుండా మింగకుండా బుగ్గన పెట్టుకోవడం, అవి వెనక్కి తిప్పి మళ్ళీ చదివాను. ఓనరు రంగారావు గారికి ఇచ్చాను. ఆయన మంచివారు. ఆ మంచితనం వల్లే నాకు బీపీ వచ్చింది.

"కథ బాగుంది దుర్గమ్మా," అన్నారు. "చిన్న చిన్న మార్పులు. వయసు ఇరవై నాలుగు చేయమను. మొగుణ్ణి తీసేయమను. అత్తగారు అసలొద్దు. రచయిత పేరు ఏదైనా మగపేరు పెట్టుకుందాం."

"ఇంక మిగిలిందేంటండీ?"

"తుపాకీ."

బేరం మొదలుపెట్టాను. నేను ముందే నిజం చెబితే ఓడిపోతానని తెలుసు కాబట్టి, అత్తగారి గురించి ఊసెత్తకుండా వయసు కోసం దెబ్బలాడాను. వయసు వదిలేసేటట్టు ముఖం పెట్టి పేరు అడిగాను. పేరు ఇచ్చారు కదా అని మొగుణ్ణి అడిగాను. చివరికి వయసు, మొగుడు, అత్తగారు, షాహిన్ పేరు అన్నీ నిలిచాయి. బదులుగా అట్ట బొమ్మ పూర్తిగా ఆయన ఇష్టం. కారుచౌకగా కొట్టేశాననుకున్నాను.

అట్ట వచ్చింది. ఇరవై ఏళ్ళ పిల్ల, తోలు జాకెట్టు, నల్ల కళ్ళద్దాలు, వెనకాల మంటల్లో హెలికాప్టరు. నవలలో హెలికాప్టరే లేదు. షాహిన్ దాన్ని చాలాసేపు చూసి, "అక్కా, మా సుభద్రకి ఇంత పెద్ద కూతురుందని నాకు తెలీదు," అంది.

నందివెలుగు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. "అట్ట మీదున్న అమ్మాయి ఏ పేజీలో వస్తుందండీ?"

"ఆవిడే సుభద్రండీ."

"ఛ, ఊరుకోండి. సుభద్రది కాటన్ చీర కదండీ!"

అట్ట చూసి కొన్నవాళ్ళు మోసపోయామన్నారు. అట్ట చూసి కొననివాళ్ళకి మేమే మోసం చేశాం. ఒక సభలో ఒక వక్త సుభద్రని స్త్రీశక్తికి ప్రతీక అంటూ గంటసేపు పొగిడి, చివర్లో హెలికాప్టరు దృశ్యం అద్భుతం అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. బేరంలో పోయిన వస్తువుని తలచుకుని ఏడవకూడదని మా నాన్న చెప్పేవాడు.

పోపుల డబ్బా

బాపట్లలో స్టేషను దగ్గర కోటయ్యకి పుస్తకాల కొట్టుంది. కొట్టు వెనకే ఇల్లు, మధ్యలో ఒక కర్టెన్. కర్టెన్ అవతల అతని భార్య అనసూయ ఉంటుంది. మా పుస్తకాలు ఎవరు కొంటున్నారో, కొని ఏమంటున్నారో తెలుసుకోవాలంటే అక్కడికి వెళ్ళి ఓ పూట కూర్చునేదాన్ని. ఈ మాట కొత్తవాళ్ళు రాసిపెట్టుకోండి. పాఠకుడి అభిప్రాయం ఫోన్ తెర మీద ఒకటి, కొట్టు ముందు ఒకటి.

సుభద్ర పుస్తకాలు కొనేది ఎక్కువగా మగవాళ్ళే. "మా ఆవిడకి" అని చెప్పి కొంటారు. మాత్రలు కొనేవాడు "మా బావమరిదికి" అన్నట్టే ఉంటుంది ఆ గొంతు. ఒకరోజు ఒక రిటైరైన పెద్దాయన మొదటి పుస్తకం చదివేసి కోటయ్య మీద ఎగురుతున్నాడు.

"భార్య నాలుగు రోజులు ఊరెళితే ఎక్కడికెళ్ళిందో కనుక్కోడా? మొగుణ్ణి మరీ చవటని చేశారయ్యా. ఏ ఇంట్లో జరుగుతుందిది?"

కర్టెన్ వెనక నుంచి అనసూయ గొంతు వినిపించింది. "ఏవండీ, మనింట్లో పోపుల డబ్బా ఎక్కడుంటుందో చెప్పండి?"

కోటయ్య తల గోక్కున్నాడు. "బేరాల వేళ పోపుల డబ్బా ఏంటే!"

"అదీ సంగతి బాబాయ్ గారూ," అంది అనసూయ పెద్దాయనతో, బయటికి రాకుండానే.

ఆయన రెండో పుస్తకం ఎప్పుడొస్తుందో కనుక్కుని వెళ్ళాడు. "మా ఆవిడ అడుగుతోంది," అన్నాడు.

ఆడవాళ్ళ గొడవ వేరు. అనసూయ నాతో ఒకసారి అన్న మాట ఇది. "శత్రువు కోటలోకి ఎలా దూరిందో గబగబా తిప్పేస్తాను వదినా. మన ఇంట్లోంచి ఎలా బయటపడిందో మాత్రం రెండుసార్లు చదువుతా. ఆ తాళాలు, తుపాకులు మనకెలాగూ పనికిరావు."

మొదటి పుస్తకంలో ఒక పొరపాటు జరిగింది. సుభద్ర ఊరెళ్ళినప్పుడల్లా నగరంలో ఉన్న పెద్దమ్మకి బాగోలేదని చెబుతుంది. నగరమంటే హైదరాబాదు కాదు, రేపల్లె పక్కన ఉన్న మా నగరం. మూడో అధ్యాయంలో సెలవు ఎక్కువ రోజులు కావాల్సొచ్చి ఆ పెద్దమ్మని చంపేసింది. పన్నెండో అధ్యాయంలో అదే పెద్దమ్మకి మళ్ళీ బాగోలేదు. షాహిన్ చూసుకోలేదు, నేనూ చూసుకోలేదు. రాకెట్టు వేగం తప్పని, తుపాకీలో గుళ్ళు లెక్క తప్పాయని మగవాళ్ళు పేజీలు పేజీలు రాశారు. పెద్దమ్మని ఒక్క మగవాడూ పట్టుకోలేదు. ఆడవాళ్ళు మాత్రం వరసగా ఫోన్లు. "పోయిన మనిషిని మళ్ళీ ఆస్పత్రిలో చేర్పించారేంటండీ? అత్తగారు అడగదా?"

ఆ చివరి మాట గమనించండి. కథలో తర్కం తప్పిందని వాళ్ళ బాధ కాదు. సుభద్ర దొరికిపోతుందని భయం. పుస్తకంలో విలన్ ఎవరో నాకు అప్పుడు తెలిసింది. విదేశీ గూఢచారి కాదు, వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుచుకునే అత్తగారు.

ఒక్క ‘రు’

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది తెలుగులో తప్ప ఇంకెక్కడా జరగదు. తెలుగులో కూడా మా జిల్లాలో తప్ప జరగదని నా అనుమానం.

రెండో పుస్తకంలో సుభద్ర పై అధికారే దేశద్రోహి. ఆయన్ని అందరూ కల్నల్ గారంటారు. పెద్దవాడు కాబట్టి పుస్తకమంతా ఆయన "వచ్చారు", "అన్నారు", "నవ్వారు". సుభద్ర మామూలుగానే "వచ్చింది", "అంది". మొదటి అధ్యాయంలో సుభద్ర పాలు తోడు పెట్టి, ఇంకో పెద్దమ్మ పేరు చెప్పి ఇంట్లోంచి బయటపడుతుంది. చివరి అధ్యాయంలో, సముద్రపు ఒడ్డున ఒక గుడిసెలో ఆవిడా కల్నలూ ఎదురుపడతారు. ఆఖరి పేజీని షాహిన్ ఇలా రాసింది:

"ఇద్దరూ తుపాకులు తీశారు. ఒక్కటే పేలింది. గుడిసె తలుపు తెరుచుకుంది. మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. లాంచీ ఎక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు."

"పేరు లేదేంటమ్మా?" అని అడిగాను.

"పేరెందుకక్కా? ‘వచ్చింది’ అన్నాం కదా. లోపలున్న ఆడమనిషి ఒక్కతేగా."

నాకు ముచ్చటేసింది. పేరు చెప్పకుండా, ఒక్క క్రియతో ఎవరు బతికారో చెప్పేసింది. ఇంత పొదుపు మా కొట్లో కూడా చూడలేదు.

మా దగ్గర పేజీలు కట్టేది వెంకటేశ్వర్లు. అంగలకుదురు మనిషి. కుక్క అడ్డొచ్చినా "కాస్త జరగండి" అనే రకం. ఈ పుస్తకంలో చివరి అధ్యాయం మొదట్లో సుభద్రకి పెద్ద ఆఫీసరు హోదా వస్తుంది. అక్కడి నుంచి వెంకటేశ్వర్లు చేతులు ఊరుకోలేదు. ఆవిడ "వచ్చింది" అన్న ప్రతిచోటా "వచ్చారు" అని మార్చుకుంటూ పోయాడు. ఆఖరి పేజీ ఇలా తయారైంది: "మెల్లగా నడుచుకుంటూ వచ్చారు. లాంచీ ఎక్కారు."

ప్రూఫులు నేను చదివాను. షాహిన్ చదివింది. ఇద్దరికీ కనపడలేదు. ఎవరు బతికారో మాకు ముందే తెలుసు కదా. జవాబు తెలిసినవాడు ప్రశ్న చదవడు. అందుకే చివరి ప్రూఫు కథ తెలియని మనిషి చేత చదివించాలి. నా ఉద్యోగ జీవితం మొత్తంలో ఇతరులకి ఉచితంగా ఇవ్వదగ్గ సలహా ఇదొక్కటే.

పుస్తకం వచ్చాక మొదటి ఫోన్ రేపల్లె నుంచి. ఎవరో మగమనిషి, మంచి హుషారుగా ఉన్నాడు. "కల్నల్ గారు భలే ముగించారండీ! ఎంతైనా పెద్దరికం పెద్దరికమే." చదవడం రాని వాళ్ళతో వేగలేక చస్తున్నానని విసుక్కుని పెట్టేశాను. తర్వాత కోటయ్య చేశాడు.

"అక్కా, సుభద్రని చంపేశారేంటి? మా ఆవిడ నిన్నట్నుంచీ నాతో మాట్లాడట్లేదు. నేనేం చేశానే అంటే, ‘అమ్మింది మీరే కదా’ అంటోంది."

పుస్తకం తెరిచాను. ఆఖరి పేజీలో ఆ ‘రు’ మర్యాదగా చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఎవరు మార్చమన్నారయ్యా?" అని వెంకటేశ్వర్లుని పిలిచి అడిగాను.

"మార్చడం కాదండి మేడం గారు, మర్యాదండి. ఆఫీసరయ్యారు కదండి. మన ఎమ్మార్వో మేడం వస్తే ‘వచ్చింది’ అంటామాండి?"

"నీ మర్యాద వల్ల ఆవిడ చచ్చిపోయిందనుకుంటున్నారు జనం!"

అతని ముఖం వాడిపోయింది. "అయ్యో," అన్నాడు. "పోయారాండి?"

ఇలాంటి మనిషిని ఏమని తిడతాం?

కల్నల్ బతికాడు కదా

షాహిన్ కోరింది చాలా చిన్న కోరిక. ఒక చిన్న చీటీ అచ్చువేసి ప్రతి పుస్తకంలో పెట్టాలి. ‘వచ్చారు’ కాదు, ‘వచ్చింది’ అని. అంతే. రంగారావు గారు ఒప్పుకోలేదు.

"అచ్చు తప్పు వల్ల హీరోయిన్ పోయిందంటే బజార్లో నవ్వుతారమ్మా. జరిగిందేదో మన మంచికే జరిగింది. ఫోన్లు చేసే మగవాళ్ళందరికీ కల్నల్ నచ్చాడు. మూడో పుస్తకం ఆయన మీద రాయి. మగ హీరో, పైగా దుర్మార్గుడు. ఇప్పుడు అదే నడుస్తోంది."

"కల్నల్ ఇంట్లో పాలు ఎవరు తోడేస్తారో నాకు తెలీదండీ," అంది షాహిన్. "తెలియని మనిషి గురించి రాయలేను."

"తోడేసే అవసరం ఏముందమ్మా, ప్యాకెట్ పెరుగు తింటాడు."

ఆ అమ్మాయి లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. "అక్కా, నేను బతికించిన మనిషిని మీరు చంపేశారు. చంపినందుకు కాదు బాధ. చంపి, పోనీలే అంటున్నారు. ఇంక నేను రాయను. ఇంటికెళ్ళి పేపర్లు దిద్దుకుంటా."

అన్నట్టే చేసింది. నా ఫోన్ ఎత్తడం మానేసింది. నాకేమో రిటైర్మెంటు దగ్గరపడింది. నేను పోతే ఆ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుంటారు, అట్ట మీద ఇరవై ఏళ్ళ పిల్లలు వస్తూనే ఉంటారు. కానీ అబద్ధం చెప్పి ఇంట్లోంచి బయటపడే నలభై రెండేళ్ళ మనిషిని రాయగలిగిన చెయ్యి నాకు మళ్ళీ దొరకదు. ఇన్నేళ్ళలో నాకు దొరికింది అదొక్కటే. దాన్ని మర్యాద చంపేయడం నేను చూస్తూ ఊరుకోలేకపోయాను.

రంగారావు గారితో వాదించి ప్రయోజనం లేదు. ఆయనకి ఫోన్ చేసేవాళ్ళే పాఠకులు. ఆడవాళ్ళు ఫోన్ చేయడం మానేశారన్నది ఆయన చెవికి వినపడదు, మౌనం మోగదు కాబట్టి. "బాపట్లలో కోటయ్య మిమ్మల్ని చూడాలంటున్నాడు, కల్నల్ పుస్తకం గురించి మాట్లాడాలట," అని చెప్పి బయల్దేరదీశాను. అది అబద్ధం కాదు. కోటయ్య ఏం మాట్లాడతాడో చెప్పలేదు, అంతే.

కొట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నేను ఓ మూల పాత పుస్తకాలు తిరగేస్తూ నోరు మూసుకున్నాను. ఇది చాలా కష్టమైన పని, కొత్తవాళ్ళు ఇంట్లో సాధన చేయండి. కాసేపటికి ఆ రిటైరైన పెద్దాయన వచ్చాడు.

"కల్నల్ గారు ఎలా ఉన్నారండీ?" అని రంగారావు గారే ఉత్సాహంగా అడిగారు.

"బ్రహ్మాండం! అసలు మగాడంటే అలా ఉండాలి."

"ఆయన మీద ఇంకో పుస్తకం వేస్తున్నాం. మీకో కాపీ పక్కన పెట్టించమంటారా?"

పెద్దాయన చెయ్యి అడ్డంగా ఊపాడు. "అబ్బే, నేనేం చేసుకుంటానండీ? కొనేది మా ఆవిడ తెమ్మంటేనేగా. ఆవిడ ఆ కంపెనీ పుస్తకం ఇంక గుమ్మం దాటించొద్దంది. తనవాళ్ళెవరో పోయినట్టు కూర్చుంది."

"మీకు నచ్చింది కదండీ?"

"నాకు నచ్చితే ఏం లాభమండీ?" అన్నాడాయన, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

అప్పుడు మొదటిసారి అనసూయ కర్టెన్ దాటి కొట్లోకి వచ్చింది. చేతిలో రెండు కాఫీలు. ఒకటి నాకిచ్చింది, ఒకటి ఆ పెద్దాయనకిచ్చింది. రంగారావు గారి వైపు తిరిగింది.

"ఒక్క మాట చెప్పండి బాబాయ్ గారూ. పాలు తోడు పెట్టి, పెద్దమ్మకి బాగోలేదని చెప్పి వెళ్ళిన మనిషి. అత్తగారు గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తోంది. ఆ మనిషి ఇంటికి రాకుండా పుస్తకం ఎలా అయిపోతుందండీ? గుమ్మంలో కూర్చున్నావిడ ఏమైపోవాలి?"

రంగారావు గారు నా చేతిలోని కాఫీ వైపు చూశారు. ఆయనకి కాఫీ కూడా లేదు.

తిరుగు రైల్లో పొన్నూరు దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. తర్వాత గొంతు సవరించుకుని, "దుర్గమ్మా, నాకో ఆలోచన వచ్చింది. సుభద్ర అసలు చచ్చిపోలేదనుకో?" అన్నారు.

"అబ్బ! భలే ఆలోచనండీ," అన్నాను. మా నాన్న బతికుంటే నా వీపు తట్టేవాడు.

అయితే చీటీ మాత్రం వేయనన్నారు. ఆ ఒక్క పట్టూ ఆయనకి వదిలేశాను. బేరంలో అవతలివాడి చేతిలో కూడా ఏదో ఒకటి మిగలాలి. లేకపోతే రేపు మళ్ళీ మన కొట్టుకి రాడు.

రేపల్లెలో ఒక సాయంత్రం

షాహిన్ ఇంటికి వెళ్ళాను. బల్ల మీద పరీక్ష పేపర్ల కట్ట, పక్కన ఎర్ర పెన్ను. నన్ను చూసి కుర్చీ వేసింది కానీ ముఖం ఇవ్వలేదు.

"చీటీ వేస్తారా అక్కా?"

"వేయరు."

"అయితే టీ తాగి వెళ్ళండి."

ఆ అమ్మాయి పేపర్లు దిద్దుకుంటుంటే టీ తాగాను. రాయమని అడగలేదు. నువ్వు గొప్ప రచయిత్రివి అనలేదు. సామాన్ను పొగడకూడదు. కప్పు కింద పెట్టి, వెళ్ళబోతూ గుర్తొచ్చినట్టు అడిగాను. "అది సరే గానీ షాహిన్, లాంచీ ఎక్కింది, ఇంటికెళ్ళింది. అత్తగారికి ఏం చెప్పింది?"

"ఏం చెబుతుంది, పెద్దమ్మ కోలుకుందని."

"చీర కుచ్చిళ్ళనిండా సముద్రపు ఇసక ఉంటుందిగా? పెద్దమ్మది పొలాల ఊరు. ఇసకెక్కణ్ణుంచి వచ్చిందని అడగదూ?"

ఎర్ర పెన్ను ఆగిపోయింది. "అడుగుతుంది," అంది నెమ్మదిగా. "అడక్కుండా ఊరుకోదు. కాదక్కా... అడగదు. చీర తనే ఉతుకుతానని తీసుకుంటుంది."

"తీసుకుని?"

"దులుపుతుంది. ఇసక రాలుతుంది. చూస్తుంది. ఏం మాట్లాడకుండా చీపురు తెచ్చి ఊడ్చేస్తుంది." షాహిన్ నా వైపు తిరిగింది. కళ్ళు పెద్దవయ్యాయి. "అక్కా! ఆవిడకి మొదట్నుంచీ తెలుసు."

గిన్నె చేతికెక్కింది. నేను సంచి తీసుకుని స్టేషనుకి బయల్దేరాను.

మూడో పుస్తకం రాతప్రతితో పాటు ఆ అమ్మాయి ఒకే ఒక్క షరతు పెట్టింది. మొదటి వాక్యంలో ఒక్క అక్షరం కూడా ఎవరూ ముట్టుకోకూడదు. ఆ వాక్యం రెండే మాటలు: "సుభద్ర వచ్చింది."

వెంకటేశ్వర్లు దాన్ని చూసి నలిగిపోయాడు. పొద్దుటి నుంచీ నా బల్ల చుట్టూ తిరిగి, చివరికి అడిగాడు. "మేడం గారు, అంత పెద్దావిడ, అన్ని కష్టాలు పడి వస్తేనండి... పోనీ ‘విచ్చేసింది’ అందామాండి? ‘ది’ అలాగే ఉంటుంది కదండి."

"వెంకటేశ్వర్లూ, ఆవిడ వచ్చింది ఆఫీసుకి కాదయ్యా. ఇంటికి. మీ అమ్మ ఇంటికొస్తే ఏమంటావు?"

"అమ్మ వచ్చింది అంటానండి," అని వెళ్ళి టైపు చేశాడు. చివరి ప్రూఫు కథ తెలియని మనిషి చేతే చదివించాం. ఈసారి అట్ట మీద ఎవరి బొమ్మా లేదు. ఒక గుమ్మం, గుమ్మంలో ఒక జత చెప్పులు. దాని కోసం నేను ఇంకేం వదులుకోవాల్సి వచ్చిందో చెప్పను, సిగ్గుచేటు.

నేను ఉద్యోగంలో ఉండగా బయటికి వచ్చిన ఆఖరి పుస్తకం అది. మొదటి కట్ట నేనే బాపట్ల తీసుకెళ్ళాను. కోటయ్య కట్ట విప్పి, పైనున్న పుస్తకం తెరిచి, కర్టెన్ వైపు తిరిగి గట్టిగా చదివాడు.

"సుభద్ర వచ్చింది."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ అనసూయ బయటికి వచ్చింది. నన్ను పలకరించలేదు. మొగుడి చేతిలోంచి పుస్తకం లాక్కుని ఆ వాక్యం మీద వేలు పెట్టి చూసుకుంది. ‘ది’ మీద వేలు కాసేపు ఆగింది.

"ఇన్నాళ్ళా! పెరుగు పులిసిపోయుంటుంది," అంది.

"ఏయ్, అది అమ్మే పుస్తకమే. అలా ఉంచు," అన్నాడు కోటయ్య.

కింద పెట్టలేదు.